అనుమానపు కన్ను – సౌలు చరిత్రనుండి ఒక పాఠము

పఠన భాగములు: 1 సమూయేలు 18–26 అధ్యాయములు, యెహోషువ 22:10–34
ధ్యాన వచనము: 1 కొరింథీయులకు 13:5

గిబియాలో ఒక పిచుల వృక్షము. దాని క్రింద ఇశ్రాయేలు రాజగు సౌలు కూర్చుండియున్నాడు. అతని చేతిలో ఈటె ఉన్నది. ఎదుట ఫిలిష్తీయుడొక్కడును లేడు. చుట్టు నిలిచినవారిలో అతని స్వగోత్రికులగు బెన్యామీనీయులు ఉన్నారు. అయినను రాజు ఈటెను క్రింద పెట్టలేదు. సేవకులందరు తనమీద కుట్ర చేసిరనియు, తన కుమారుడు దావీదుతో చేసికొనిన నిబంధనను తనకెవరును తెలుపలేదనియు, తన నిమిత్తము చింతించువాడొక్కడును లేడనియు, తన సేవకుడే పొంచియుండునట్లు కుమారుడు అతని పురికొల్పెననియు వారిమీద నేరము మోపెను (1 సమూ. 22:6–8).

ఈ ఆరోపణలను ఒక్కొక్కటిగా పరిశీలింపవలెను. యోనాతాను దావీదుతో నిబంధన చేసికొనిన మాట నిజము. దానిని ఎవరును రాజునకు తెలుపలేదనుటయు నిజము కావచ్చును. సేవకులందరు కుట్ర చేసిరనుట అబద్ధము. ఇక దావీదు పొంచియున్నాడనుట వట్టి అబద్ధము మాత్రమే కాదు, తలక్రిందులైన నిజము. తరుముచున్నది సౌలు, గుహలలో దాగుచున్నది దావీదు. నిజము, సగము నిజము, అబద్ధము మూడును ఒకే ముద్దగా కలిసిపోగా, ఆ ముద్ద రాజునకు సందేహింపరాని సత్యముగా తోచెను. దాని ఫలముగా ఒక పట్టణమే నాశనమాయెను.

ఇతరుల క్రియలు కంటికి కనబడును. వారి ఉద్దేశములు కనబడవు. కనబడని దానినిగూర్చి మనస్సు తీర్పు తీర్చునప్పుడు భయము ఆ తీర్పును ఎట్లు వంచును? ఒకసారి వంగిన తీర్పు మరల సరియగుట ఎందుకంత కష్టము? సౌలు చరిత్ర ఈ ప్రశ్నలకు విపులమైన ఉత్తరము చెప్పుచున్నది.

1. మూడు గ్రీకు పదములు

ఆధారము లేని అనుమానము మనస్సును ఏలు స్థితికి వైద్యశాస్త్రము 'పారనోయా' అను పేరు పెట్టినది. గ్రీకు భాషలో 'నూస్' అనగా మనస్సు. 'పరా' అనగా ప్రక్కకు. మనస్సు తన త్రోవనుండి ప్రక్కకు తొలగుట అని దాని భావము. ఈ పదము క్రొత్త నిబంధనలో లేదు గాని, దాని తోబుట్టువులు రెండు అందు కలవు.

మొదటిది 'హుపొనోయా'. 'హుపో' అనగా క్రింద. నోట పలుకక, క్రింద దాచిపెట్టుకొనిన తలంపు అది. 1 తిమోతి 6:4లో అపొస్తలుడు దురనుమానములను పేర్కొనినది ఈ మాటతోనే. అసూయ, కలహము, దూషణ అను వాటి ప్రక్కన దానిని నిలిపినాడు. రెండవది 'మెటనోయా'. అనగా మారుమనస్సు. తొలగిన మనస్సు, దాగిన మనస్సు, మారిన మనస్సు – ఈ మూడింటి నడుమ ప్రతి మనుష్యుని అంతరంగ చరిత్ర నడచుచున్నది.

ఇచ్చట ఒక సంగతి గమనింపదగినది. జర్మనీ దేశపు మనోవైద్యుడు ఎమిల్ క్రెపెలిన్ (1856–1926) పారనోయా అను రోగమును వర్ణించుచు, ఆ రోగి యొక్క తక్కిన ఆలోచన స్పష్టముగాను క్రమముగాను ఉండుననెను. అనగా అనుమానము బుద్ధిహీనతవలన పుట్టునది కాదు. అది బుద్ధిని తన కూలివానిగా పెట్టుకొనును. తెలివిగలవాడు అనుమానములో పడినయెడల, తన తెలివితోనే తన చుట్టు గోడ కట్టుకొనును.

2. పాడినది స్త్రీలు, దోషి దావీదు

మొదట సౌలు దావీదును బహుగా ప్రేమించెను, అతనిని తన ఆయుధములు మోయువానిగా చేసికొనెను (1 సమూ. 16:21). గొల్యాతు కూలిన తరువాత స్త్రీలు తంబురలతో ఎదురువచ్చి, సౌలు పేర వేలను, దావీదు పేర పదివేలను కలిపి పాడిరి. ఆ దినమే సమస్తము మారిపోయెను.

ఆ పాట భావమేమి? హెబ్రీ కవిత్వములో ఒక పంక్తిలోని మాటను తరువాతి పంక్తి మరింత పెద్ద మాటతో ప్రతిధ్వనింపజేయుట వాడుక. వెయ్యి, పదివేలు అను జంట అందు తరచుగా వచ్చునదే. 91వ కీర్తన 7వ వచనములోను, మీకా 6:7లోను దానిని చూడవచ్చును. అక్కడ రెండు సంఖ్యలకు పోటీ లేదు; రెండును కలిసి 'లెక్కలేనంత' అను ఒకే భావమును ఇచ్చుచున్నవి. ఆ స్త్రీలు ఇద్దరు వీరులను ఒక్కటిగా కొనియాడియుండవచ్చును. లేదా నిజముగానే దావీదును అధికునిగా ఎంచియుండవచ్చును. పాట రెండు భావములకును తావిచ్చుచున్నది. సౌలు ఎవరినీ అడుగలేదు. తనకు అవమానకరమైన భావమునే ఏరుకొనెను.

అతని మనస్సు వేసిన అడుగులు మూడు. స్త్రీలు పాడిరి – ఇది జరిగిన సంగతి. నన్ను తక్కువచేసిరి – ఇది సంభవమైన ఊహ. కాబట్టి దావీదు నా రాజ్యమును కోరుచున్నాడు – ఇది పాటలో ఎక్కడను లేని తీర్పు. పాడినది స్త్రీలు, దోషిగా నిలువబడినది దావీదు. పాట పాడుటలో అతనికి ఏ పాలును లేదు.

ఆ దినము మొదలుకొని సౌలు దావీదును చూచిన చూపును తెలుపుటకు 1 సమూయేలు 18:9లో 'కన్ను' అను నామమునుండి పుట్టిన హెబ్రీ క్రియ వాడబడినది. సౌలు కన్నులతో చూచుట మానలేదు. ఇంకను ఎక్కువగా చూచెను. కాని ఆ చూపు తెలిసికొనుటకు కాదు, పట్టుకొనుటకు. అనుమానించువాడు అజాగ్రత్తగా చూచువాడు కాడు. అతడు మిక్కిలి శ్రద్ధగా చూచును. ఒక్క దానికొరకే చూచును.

ఈ మొగ్గు పిల్లలలోను కలదు. 1980లో కెన్నెత్ డాడ్జ్ అను అమెరికా దేశపు మనస్తత్వ శాస్త్రజ్ఞుడు పాఠశాల బాలురనుగూర్చిన ఒక పరిశోధనను ప్రకటించెను. ఒక బాలుడు కూర్చుచున్న బొమ్మముక్కల ఆటను మరియొక బాలుడు చెరిపివేసినట్లు అందు ఏర్పాటు చేయబడెను. చెరిపినవాని ఉద్దేశము స్పష్టముగా తెలిసినప్పుడు, కొట్లాట స్వభావము గలవారును లేనివారును దానికి తగినట్లే ప్రవర్తించిరి. ఉద్దేశము అస్పష్టముగా ఉన్నప్పుడే భేదము బయలుపడెను. కొట్లాట స్వభావము గల బాలురు, అది కావలెనని చేయబడిన కీడేయన్నట్లు ప్రవర్తించిరి. వెలుగు ఉన్నచోట అందరి కన్నులు ఒక్కటే. మసక వెలుతురులో ఎవని హృదయములో ఉన్నది వానికి కనబడును.

3. మేలే కీడునకు సాక్ష్యమైనప్పుడు

పదునెనిమిదవ అధ్యాయములో సౌలు భయము మూడు మారులు చెప్పబడినది (12, 15, 29 వచనములు). ప్రతి మారును ఆ భయము దావీదు చేసిన కీడు వలన కలిగినది కాదు. యెహోవా అతనికి తోడైయుండుట, అతడు బుద్ధిగలిగి ప్రవర్తించుట, తన కుమార్తె మీకాలు అతనిని ప్రేమించుట – ఇవియే కారణములు. ఆరోగ్యముగల మనస్సునకు ఇవి మూడును సంతోషహేతువులు. రాజ్యమునకు సమర్థుడగు సేనాధిపతి దొరికెను. కుమార్తెకు ప్రేమించదగిన భర్త దొరికెను. సౌలునకు మాత్రము ప్రతి మేలును కొత్త సాక్ష్యమాయెను.

దావీదు ఏమి చేసినయెడల తప్పించుకొనగలిగియుండును? ఓడినచో అయోగ్యుడు, గెలిచినచో పోటీదారుడు. బల్లయొద్ద కూర్చున్నచో ఈటెకు ఎదురు, కూర్చుండనిచో కుట్రదారుడు. ఏ జవాబును తప్పించుకొనలేని ప్రశ్నయే అనుమానము. ఇంటిలోగాని సంఘములోగాని ఒకని విషయమై ఇట్టి స్థితి వచ్చినప్పుడు, అనగా అతడేమి చేసినను అతని మీదికే వచ్చునప్పుడు, పరీక్షింపబడవలసినది అతని ప్రవర్తన కాదు, చూచుచున్న కన్ను.

1988లో లండనులో జరిగిన ఒక పరిశోధన దీనికి సహాయకరము. రెండు జాడీలు చూపబడెను. ఒకదానిలో నూటికి 85 పూసలు ఒక రంగువి, 15 వేరొక రంగువి. రెండవదానిలో దానికి విపరీతముగా. ఏ జాడీనుండి పూసలు తీయబడుచున్నవో చెప్పవలెను. కావలసినన్ని పూసలను చూడవచ్చును. భ్రాంతి నమ్మికలతో బాధపడువారు తక్కినవారికంటె తక్కువ పూసలను చూచి నిర్ణయమునకు వచ్చిరి. తప్పు చూచుట కంటె త్వరగా ముగించుట వారి యిబ్బంది. సౌలు ఒక్క పాటతో ముగించెను. ముగించిన తరువాత వచ్చినదంతయు ఆ ముగింపునకు సేవ చేసెను.

అయినను లేఖనము సౌలునకు న్యాయము చేయుచున్నది. అమావాస్య విందులో దావీదు స్థలము ఖాళీగా ఉన్న మొదటి దినమున, అతనికి ఏదో అపవిత్రత కలిగియుండునని సౌలు తలంచి ఊరకుండెను (20:26). అది సాధారణమైన, దయగల ఊహ. కావున అట్టి శక్తి అతనిలో చావలేదు. రెండవ దినమున అది నిలువలేదు. తన కుమారుడు దావీదు పక్షమున మాటలాడగా ఆ ఈటె కుమారుని మీదికే లేచెను (20:33). అనుమానము మొదట ఒక్కనిని వేరు చేయును. పిమ్మట వానిని సమర్థించువారినందరిని వాని ప్రక్కన నిలువబెట్టును.

4. నోబులో జరిగినది

ఎదోమీయుడగు దోయేగు రాజునకు తెలిపిన సంగతులు జరిగినవే. దావీదు నోబునకు వచ్చెను; యాజకుడగు అహీమెలెకు అతనికి ఆహారమిచ్చెను; గొల్యాతు ఖడ్గమునిచ్చెను. అయితే దోయేగు ఒక సంగతి చెప్పలేదు: తాను రాజాజ్ఞమీద వచ్చితినని దావీదు యాజకునితో అబద్ధమాడెను (21:2). యాజకుడు రాజు అల్లునికి, రాజు పనిమీద వచ్చెనని నమ్మి, సహాయము చేసెను. రాజభక్తితో చేసిన కార్యము రాజద్రోహముగా ఎంచబడెను.

అహీమెలెకు ఇచ్చిన జవాబు నిర్మలమైనది. దావీదు నమ్మకస్థుడు, రాజునకు అల్లుడు, రాజగృహములో ఘనుడు. ఇంతకుమించి తనకేమియు తెలియదని చెప్పెను. సౌలు దానిని విన్నను ఒక్క ప్రశ్నయు వేయలేదు. విచారణ ముగియకముందే శిక్ష పలికెను. రాజు కావలివారు సహితము యాజకులమీద చేయి వేయనొల్లలేదు. దోయేగు వేసెను. ఆ దినమున ఎనుబదియైదుగురు యాజకులు హతులైరి. నోబులోని స్త్రీలును పిల్లలును చంటిబిడ్డలును ఖడ్గమునకు ఎరయైరి (22:18, 19).

అబద్ధపు వార్తవలన మాత్రమే హాని కలుగునని తలంచుట పొరపాటు. నోబును నాశనముచేసినది ప్రధానముగా తప్పు వార్త కాదు. నిజమైన సంగతులకు కట్టబడిన తప్పు ఉద్దేశము. ఈ దినములలో చరవాణిలో వచ్చు ఒక చిత్రము నిజమైనదే కావచ్చును. దానిక్రింద వ్రాసిన రెండు మాటలు ఒక వీధిని తగులబెట్టగలవు.

తరువాత జీఫీయులు వచ్చి దావీదు జాడ తెలిపినప్పుడు, సౌలు వారిని దీవించి, వారు తనయందు కనికరపడిరని మెచ్చుకొనెను (23:21). తన నిమిత్తము చింతించువాడు లేడని పిచుల వృక్షము క్రింద ఏడ్చినవాడే, చాడీ చెప్పువారియందు కనికరమును కనుగొనెను. అనుమానించువానికి స్నేహితులు కొదువ కారు. అతని అనుమానమును మేపువారు ఎల్లప్పుడు దొరకుదురు.

5. భయమునకు మూలము

సౌలు భయము పూర్తిగా ఊహయా? కాదు. దావీదు నిజముగానే అభిషేకింపబడెను (16:13). రాజ్యము సౌలునుండి తీసివేయబడి అతనికంటె ఉత్తముడైన పొరుగువానికి ఇయ్యబడునని సమూయేలు చెప్పెను (15:28). దావీదు రాజగుట నిజము. దావీదు సౌలును చంపగోరుట అబద్ధము. అనుమానములో పలుమారు ఇట్టి నిజపు గింజ ఉండును. అందుచేతనే అది బలముగా నాటుకొనును. గింజను చూపి చెట్టంతయు నిజమని వాదించును.

ఆ గింజ పడిన నేల ఏది? అమాలేకీయుల విషయములో సౌలు ప్రజలకు జడిసి దేవుని మాట మీరెను (15:24). ఆ లెక్క దేవునితో సరిచేయబడలేదు. ఒప్పుకొనినను, ప్రజల పెద్దలయెదుట తన ఘనత నిలువవలెననియే అడిగెను (15:30). దేవునియొద్ద తీరని భయమునకు ఒక ముఖము కావలసెను. దావీదు ముఖము దొరికెను.

లేఖనములలో మొదటి అనుమానము మనుష్యునిమీద కాదు, దేవునిమీద. ఏదెను వనములో సర్పము దేవుని ఆజ్ఞను కాదనలేదు; ఆ ఆజ్ఞ వెనుక ఉన్న ఉద్దేశమును అనుమానాస్పదము చేసెను (ఆది. 3:5). ఆజ్ఞ అదే, చెట్టు అదే. దాత శత్రువుగా కనబడెను. ఆ తరువాతి అధ్యాయములోనే అన్న తమ్ముని చంపెను. ఉపమానములో ఒక తలాంతు దాసుడు సొమ్మును పాతిపెట్టుటకు కారణము కూడ యజమానుని స్వభావమునుగూర్చి అతనికున్న దురూహయే (మత్త. 25:24, 25). దేవుని ఉద్దేశమును నమ్మలేనివాడు పొరుగువాని ఉద్దేశమును ఎట్లు నమ్మగలడు?

6. కన్నీళ్లు చాలలేదు

ఏన్గెదీ గుహలో దావీదు సౌలును చంపగలిగియు, అతని వస్త్రపు చెంగును మాత్రమే కోసెను. బయటికి వచ్చి, తనకు కీడు చేయ చూచుచున్నాడని చెప్పు మనుష్యుల మాటలను రాజు ఎందుకు వినుచున్నాడని అడిగెను (24:9). సౌలు ఎలుగెత్తి యేడ్చి, దావీదు తనకంటె నీతిమంతుడని ఒప్పుకొనెను. ఇంతకు మించిన ఋజువు ఉండునా? అయినను జీఫీయులు మరల రాగానే మూడువేలమందితో మరల బయలుదేరెను. హకీలా కొండయొద్ద రాజు తలాపిననున్న ఈటెయు నీళ్లబుడ్డియు తీసికొనిపోబడెను. మరల ఒప్పుకోలు, మరల ఆశీర్వాదము (26:21, 25).

ఋజువు అనుమానమును ఒక గడియ నిలుపును, నయము చేయదు. అది ఋజువు లేమివలన పుట్టలేదు గనుక ఋజువు కలుగుటవలన చావదు. సౌలు దావీదును గూర్చిన అభిప్రాయమును రెండు మారులు మార్చుకొనెను. తన మనస్సును మార్చుకొనలేదు. కన్నీళ్లకును మారుమనస్సునకును గల భేదమిదియే.

అనుమానింపబడినవానికిని ఇచ్చట బోధ కలదు. దావీదు పగ తీర్చుకొనలేదు. ఈటెను తిరిగి పంపివేసెను. అయినను ఆ ఈటె ఉన్న ఇంటికి మరల పోలేదు. క్షమించుట వేరు, అపాయములోనికి తిరిగి నడచుట వేరు. చివరకు దావీదు నిరాశపడి ఆరువందలమందితో గాతు రాజగు ఆకీషునొద్దకు పోయెను (27:1, 2). సౌలు అనుమానము తన మంచి సేవకుని శత్రుదేశమునకు తరిమెను. గిల్బోవ పర్వతముమీద సౌలు కూలినప్పుడు, ఒకప్పుడు గొల్యాతును కూల్చినవాడు ఆ ప్రక్కన లేడు.

7. షిలోహునుండి వెళ్లిన పదునొకండ్రు

అనుమానమునకు యుద్ధము తప్ప వేరు గతి లేదా? యెహోషువ 22వ అధ్యాయము వేరొక త్రోవ చూపుచున్నది. రూబేనీయులు, గాదీయులు, మనష్షే అర్ధగోత్రపువారు యొర్దాను దగ్గర గొప్ప బలిపీఠము కట్టిరను వార్త వచ్చెను. ఇశ్రాయేలీయులు షిలోహులో యుద్ధమునకు కూడిరి. వారి భయము ఊరక కలిగినది కాదు. పెయోరు తెగులును ఆకాను పాపమును వారు మరువలేదు. ఒకని తప్పునకు అనేకులు నశించిరి.

అయితే సైన్యమునకు ముందు ఫీనెహాసును, అతనితో పదిమంది ప్రధానులను పంపిరి. వారు మూడు పనులు చేసిరి. తమ అనుమానమును దాచక ఎదుటనే చెప్పిరి. హుపొనోయా వెలుగులోనికి వచ్చెను. ఆ దేశము అపవిత్రమని తోచినయెడల తమ భూమిలో పాలు ఇచ్చెదమని, నష్టము సహించుటకు సిద్ధపడిరి. జవాబు చెప్పనిచ్చి, దానిని వినిరి.

జవాబు ఆశ్చర్యకరము. ఆ బలిపీఠము బలులకొరకు కాదు, సాక్ష్యముకొరకు. రాబోవు దినములలో అవతలివారు తమ పిల్లలను యెహోవాతో మీకు పాలు లేదని త్రోసివేయుదురేమోయని ఆ గోత్రములవారు భయపడిరి. ఈ వైపున అనుమానము, ఆ వైపునను అనుమానమే! రెండు భయములు ఒక బలిపీఠమునకు ఇరుప్రక్కల నిలిచియుండెను. అడిగినందువలన రెండును తీరెను. సౌలునొద్ద దావీదు ఉండెను, ఈటె ఉండెను. ఈ ప్రశ్న ఒక్కటియే లేకపోయెను.

8. జాగ్రత్త వేరు, అనుమానము వేరు

ఇందువలన విశ్వాసి ప్రతివానిని గ్రుడ్డిగా నమ్మవలెనని అర్థము కాదు. గెదల్యా అధిపతికి ఇష్మాయేలు కుట్రనుగూర్చి యోహానాను ముందుగా తెలిపెను. గెదల్యా దానిని అబద్ధమని త్రోసివేసి, మిస్పాలో హతుడాయెను (యిర్మీయా 40:13–41:2). అతడు మంచివాడే, కాని విచారింపలేదు. నెహెమ్యా ఓనో మైదానమునకు పిలువబడినప్పుడు నాలుగు మారులు పోనొల్లలేదు, అయినను పని మానలేదు, ఈటె పట్టి పిలిచినవారిని తరుమలేదు (నెహె. 6:2–4).

భేదమును ఇట్లు చెప్పవచ్చును. జాగ్రత్త సంగతులను విచారించును; అనుమానము హృదయములకు తీర్పు తీర్చును. జాగ్రత్త తాను పొరబడవచ్చునని ఎరుగును, అనుమానము ఎరుగదు. జాగ్రత్తకు సాక్ష్యము చాలినప్పుడు విశ్రాంతి కలదు; అనుమానమునకు విశ్రాంతి లేదు. సంఘపు పద్దులు తనిఖీ చేయించుట జాగ్రత్త. తనిఖీ సరిగా ముగిసిన తరువాతను కోశాధికారిని దొంగగా చూచుట అనుమానము.

9. రోగమైనప్పుడు

సౌలునకు ఒక రోగనామము పెట్టుట ఈ పాఠము ఉద్దేశము కాదు. లేఖనము అతని స్థితిని వైద్యుని భాషలో చెప్పలేదు. అయితే కొందరి అనుమానము స్వభావదోషమును దాటి రోగమగును. అన్నములో విషము కలుపుచున్నారని తినకుండుట, ఎవరో వెంబడించుచున్నారని నిద్రమానుట, ఎంత నెమ్మదిగా చెప్పినను ఆ నమ్మిక కదలకుండుట – ఇట్టివి కనబడినప్పుడు ఆ మనుష్యుని పాపియని గద్దించుట క్రూరము. దయ్యము పట్టెనని కొట్టుట లేక కట్టివేయుట మహాపాపము. వాదించి గెలువ చూడక, ఆ నమ్మికను ఒప్పుకొనక, అతని భయమును మాత్రము ఆలకించి, మనోవైద్యునియొద్దకు తోడ్కొనిపోవలెను. ఔషధములవలన అనేకులకు మేలు కలుగుచున్నది. 2022 అక్టోబరు 10న భారత ప్రభుత్వము ఆరంభించిన 'టెలీ మానస్' సేవకు 14416 అను సంఖ్యకు ఫోను చేసి సలహా పొందవచ్చును. ప్రార్థనకును వైద్యమునకును వైరము లేదు. పౌలు ప్రియునిగా పిలిచిన లూకా వైద్యుడే (కొలొ. 4:14).

10. లెక్కల పుస్తకము మూయుట

1 కొరింథీయులకు 13:5లో ప్రేమ కీడును ఏమి చేయదని చెప్పబడినదో దానికి మూలములో 'లొగిజొమయ్' అను క్రియ కలదు. అది పద్దు వ్రాయువాని మాట. లెక్కలో చేర్చుట అని దాని భావము. ప్రేమకు కీడు కనబడదని అపొస్తలుడు చెప్పలేదు. కీడును ఒకని పేర పద్దుగా వ్రాసిపెట్టుకొనదని చెప్పెను.

ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట కాపరి ఒక సభ్యుని పలుకరింపక వెళ్లెననుకొందము. పంపిన సందేశమును చూచియు ఒక సహోదరి జవాబు వ్రాయలేదనుకొందము. ఇంటిపెద్ద వచ్చుట చూచి కోడలు మాట ఆపెననుకొందము. ఇవి మూడును సంగతులు. వీటికి ఉద్దేశమును చేర్చునది చూచువాని హృదయము. కాపరికి ఆ గడియలో ఒక మరణవార్త వచ్చియుండవచ్చును; సహోదరి రోగియొద్ద ఉండియుండవచ్చును; కోడలు గౌరవముచేతనే మౌనము వహించియుండవచ్చును. తప్పు ఉద్దేశమే ఉండుటయు సంభవమే. ఏది నిజమో అడుగకమునుపు తెలియదు.

కాబట్టి మారుమనస్సు ఇచ్చట మూడు అడుగులు వేయవలెను. మొదటిది, జరిగినదానిని ఊహించినదానినుండి వేరుచేయుట. రెండవది, ఊహను పదిమందితో పంచుకొనక, ప్రభువు మత్తయి 18:15లో నేర్పినట్లు ఆ మనుష్యునియొద్దకే ఒంటరిగా పోయి అడుగుట. మూడవది, అడిగినను తెలియని దానిని, హృదయముల ఆలోచనలను బయలుపరచు ప్రభువు వచ్చువరకు విడిచిపెట్టుట (1 కొరింథీ. 4:5). మనుష్యుడు పైరూపమును మాత్రమే చూడగలడని దేవుడు సమూయేలునకు నేర్పినది దావీదు అభిషేకదినముననే (1 సమూ. 16:7). సమూయేలు ఆ పాఠము నేర్చుకొనెను, సౌలు నేర్చుకొనలేదు.

ఈ మూడు అడుగులకును బలమెక్కడనుండి వచ్చును? దేవుని ఉద్దేశమునుగూర్చిన ఏదెను నాటి అనుమానమునకు సిలువయందు జవాబు దొరికెను. తన సొంత కుమారుని వెనుదీయక అప్పగించిన తండ్రి (రోమా 8:32) మనుష్యునికి విరోధిగా పొంచియుండువాడు కాడు. ఈ సంగతి హృదయములో స్థిరపడినవానికి ఈటె పట్టుకొని కూర్చుండు అవసరము లేదు. అతడు మోసపోవచ్చును, నష్టపడవచ్చును. కాని పిచుల వృక్షము క్రింద ఒంటరిగా మిగులడు.

ధ్యానమునకు ప్రశ్నలు

1. 1 సమూయేలు 18:6–9లో జరిగిన సంగతి ఏది? సౌలు చేర్చిన ఉద్దేశము ఏది? రెండింటిని వేరువేరుగా వ్రాయుడి.

2. అహీమెలెకును విచారించునప్పుడు సౌలు అడుగవలసియుండి అడుగని ప్రశ్నలు ఏవి?

3. ఫీనెహాసు వెంట వెళ్లినవారు తమ అనుమానమును చెప్పిన తీరునుండి సంఘ పెద్దలు ఏమి నేర్చుకొనవచ్చును?

4. ఈ సంవత్సరములో ఒకరి పేర వ్రాసిపెట్టుకొనిన పద్దు ఏదైన కలదా? దానిని ఆ మనుష్యుని అడిగి తెలిసికొనినది ఎంత, ఊహించినది ఎంత?